ఖాళీ స్నాగ్ కాలమ్‌ని నమ్మకండి

(పైలట్ శిక్షణకు పిల్లల్ని పంపాలనుకుంటున్న తల్లిదండ్రుల కోసం భీమవరంలో జరిగిన సమావేశంలో ఒక రిటైర్డ్ విమాన మెయింటెనెన్స్ ఇంజినీరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను పైలట్‌ని కాదండి, హ్యాంగర్ మనిషిని. శిక్షణ విమానాలు బాగుచేసి, ఇది ఎగరొచ్చు అని సంతకం పెట్టే ఉద్యోగం చేశాను. పైనుంచి మేఘాలు ఎలా కనిపిస్తాయో వినాలని వచ్చినవాళ్లు నిరాశపడతారు. ఇంజిన్ ఆయిల్ ఫిల్టరు లోపల ఎలా ఉంటుందో అడగండి, గంటసేపు చెబుతాను. (నవ్వులు)

ఇందాక హాల్లోకి వస్తుంటే ఒకాయన నాలుగైదు బ్రోషర్లు చేతిలో పెట్టి, "వీటిలో మంచిది ఏదో టిక్కు పెట్టిచ్చెయ్యండి, చెరువు మీద పనుంది, పోతాను" అన్నారు. నేను టిక్కు పెట్టనండి. ఈ పూట ఏ స్కూలు పేరూ నా నోట రాదు. మంచిదనీ చెప్పను, చెడ్డదనీ చెప్పను. ఎందుకంటే బోర్డు అదే ఉంటుంది, లోపల మనుషులు మారిపోతుంటారు. చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ మారితే స్కూలు మారిపోతుంది. మెయింటెనెన్స్ చూసే పెద్దాయన మానేస్తే ఇంకా తొందరగా మారిపోతుంది. రెండేళ్ల కిందట నిక్షేపంలా నడిచిన చోటు ఇవాళ అలాగే ఉందని నేను ఎలా చెప్పను?

మీలో చెరువులవాళ్లు చాలామందే కనబడుతున్నారు. రొయ్య సీడు వేసేముందు ఏం చేస్తారండీ? హేచరీవాడు "మా పిల్ల ఫస్టు క్లాసండి" అన్నాడని తెచ్చి వదిలేస్తారా? శాంపిల్ పట్టుకెళ్లి పీసీఆర్ చేయిస్తారు. వైట్‌స్పాట్ తెగులు లేదని కాగితం చేతికొచ్చాకే దింపుతారు. మరి ఆ చెరువే అమ్మి కట్టే ఫీజు విషయంలో ఆ పాటి పరీక్ష ఎందుకు చెయ్యరు? మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు, అదే సీపీఎల్, చేతికొచ్చేసరికి, హాస్టలూ తిండీ కలుపుకుంటే అరకోటి దాటిపోతోంది. ఎయిర్‌బస్ మీదో బోయింగ్ మీదో టైప్ రేటింగ్, అదే ఆ రకం విమానం నడపడానికి విడిగా తీసుకునే అర్హత, అంటే ఆ పైన ఇంకో పదిహేను, ఇరవై లక్షలు. ఇంత పెట్టేవాళ్లు స్కూలుకెళ్లి ఏం చూసొస్తున్నారో తెలుసా? ఏసీ క్లాసురూమూ, సిమ్యులేటరూ, తెల్ల యూనిఫారం వేసుకున్న పిల్లల ఫొటోలూ. అంతే.

ప్రభుత్వం ర్యాంకులు ఇస్తోంది కదా అంటారు. ఇస్తోందండి, మంచి పనే. డీజీసీఏ, అదే విమానాల వ్యవహారం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, 2025 అక్టోబరు 1 నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు గ్రేడ్లు మొదలుపెట్టింది. ఏటా రెండుసార్లు, ఏప్రిల్లోనూ అక్టోబరులోనూ ప్రకటిస్తామంది. నూటికి 85 దాటితే ఏ ప్లస్, 70 దాటితే ఏ, 50 దాటితే బీ, ఆ లోపు సీ. మొదటి జాబితాలో 35 స్కూళ్లుంటే ఏ ప్లస్ ఒక్కదానికీ రాలేదు, ఏ కూడా ఒక్కదానికీ రాలేదు. 13 స్కూళ్లు బీలో, 22 సీలో నిలబడ్డాయి. అంటే దేశం మొత్తం మీద సగానికి సగం పైగా స్కూళ్లకు యాభై మార్కులు రాలేదన్నమాట. ఇంటర్‌లో మన పిల్లకి యాభై వస్తే ఇంట్లో అన్నం మెతుకు దిగదు! (నవ్వులు) ఆ జాబితా తప్పకుండా చూడండి. సీలో ఉన్నవాళ్లని "ఎందుకు వచ్చింది, అప్పట్నుంచి ఏం మార్చారు" అని మొహం మీదే అడగండి. బీలో ఉన్నవాళ్లని కూడా అదే అడగండి. కానీ అది ఆరు నెలలకోసారి తీసే ఫొటో. రోజూ పొద్దున్న ఆరింటికి అక్కడ ఏం జరుగుతుందో అందులో కనబడదు.

నేను హ్యాంగర్లో పనిచేసినంత కాలం స్కూలు ఎలాంటిదో ఒక్క చోట చూసి పోల్చుకునేవాణ్ణి. ప్రతి విమానానికీ టెక్ లాగ్ అని ఒక పుస్తకం ఉంటుంది. ఎగిరి దిగినాక పైలట్ అందులో గంటలు రాసి, విమానంలో ఏదైనా తేడా కనబడితే పక్కన రాయాలి. దాన్నే స్నాగ్ అంటాం. రేడియోలో గురగుర ఉంది, ఎడమ బ్రేకు మెత్తగా ఉంది, ఆల్టర్నేటరు లైటు ఓసారి వెలిగి ఆరిపోయింది, ఇలాంటివి. ఇంజినీరు దాన్ని చూసి, ఏం చేశాడో కింద రాసి, సంతకం పెట్టాలి. అప్పటిదాకా విమానం కదలకూడదు.

ఇప్పుడు ఆలోచించండి. శిక్షణ విమానాన్ని నడిపేవాళ్లు నిన్నగాక మొన్న నేర్చుకున్నవాళ్లు. రోజుకి పదిసార్లు, ఇరవైసార్లు ధబీమని దింపుతారు. సెస్నా 152 అని ఇద్దరు కూర్చునే చిన్న శిక్షణ విమానం ఉంది, దాని తయారీ 1985లోనే ఆగిపోయింది, అంటే ఇవాళ ఎగురుతున్న ప్రతి 152కీ వయసు నలభై దాటింది. అలాంటి విమానం నెలకి డెబ్బై ఎనభై గంటలు ఎగిరి, ఆ స్నాగ్ కాలమ్‌లో నెల పొడుగునా 'నిల్, నిల్, నిల్' అని ఉంటే దాని అర్థమేంటండీ? విమానం బ్రహ్మాండంగా ఉందనా? కాదు. చెడ్డ కబురు రాయొద్దని అక్కడ ఎవరో చెప్పారని. నోటితో చెప్పుకుని, పుస్తకంలో ఎక్కించకుండా నడిపేస్తున్నారని. స్నాగ్‌లు కనబడే పుస్తకం నాకు ధైర్యం ఇస్తుంది. ఖాళీ పుస్తకం చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పాత విమానమని గాభరా పడకండి, ఆ మాట కూడా చెప్పాలి. నలభై ఏళ్ల 152ని చక్కగా చూసుకుంటే అది కొత్తదానికి తీసిపోదు. డైమండ్ కంపెనీ కొత్త విమానం, గార్మిన్ కంపెనీ తెరలు, టచ్ బటన్లు, ఇవన్నీ బాగుంటాయి, పిల్లలకు ముందుముందు పనికొస్తాయి. కానీ తెర వెలుగుతోందంటే ఇంజిన్ బాగున్నట్టు కాదు.

దగ్గరగా ఒక ఉదాహరణ చెబుతాను. టేకాఫ్‌కి ముందు రన్-అప్ అని చేస్తారు. ఇంజిన్‌కి మాగ్నెటోలు, అంటే ప్లగ్గులకి నిప్పురవ్వ ఇచ్చేవి, రెండుంటాయి, ఒకటి పోయినా రెండోదాని మీద నడవాలని. 152లో ఇంజిన్‌ని 1700 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 1700 చుట్ల దగ్గర పెట్టి, ఒక్కో మాగ్నెటో మీద విడివిడిగా నడిపి చూస్తారు. ఆర్‌పీఎం కాస్త పడిపోతుంది. 125 కంటే ఎక్కువ పడకూడదు, రెండింటి మధ్యా తేడా 50 దాటకూడదు. పుస్తకంలో ఉన్న లెక్క అది. ఒక పిల్లాడు సోలోకి, అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడానికి, బయల్దేరాడు అనుకోండి. కుడి మాగ్నెటో మీద 160 పడింది. వాడు రేడియోలో చెప్పి, విమానాన్ని నేల మీదే నడుపుకుంటూ, విమానాలు నిలిపే చోటికి వెనక్కి వచ్చేశాడు. ఇదిగో, ఇక్కడ స్కూలు పరీక్ష.

ఒక చోట ఇన్‌స్ట్రక్టర్ వచ్చి మిక్స్‌చరు పలచన చేసి, అంటే గాలిలో కలిసే పెట్రోలు తగ్గించి, కాసేపు ఇంజిన్ తిప్పుతాడు. మన విమానాలు తాగే 100 ఎల్‌ఎల్ అనే పెట్రోల్లో సీసం ఉంటుంది, అది ప్లగ్గుల మీద పేరుకుంటుంది, అలా చేస్తే కాలిపోతుంది. అది పద్ధతి ప్రకారం చేసే పనే, తప్పేం లేదు. మళ్లీ చూస్తే 90కి వచ్చింది. అయినా పుస్తకంలో రాస్తాడు. సాయంత్రం ఇంజినీరు ప్లగ్గులు విప్పుతాడు. ఆ పిల్లాడితో "మంచి పని చేశావు, వెనక్కి వచ్చేశావు" అంటాడు. ఇంకో చోట? "160 పెద్ద లెక్కేం కాదు, నీ స్లాటు పోతుంది, వెనకాల ఇద్దరు వెయిటింగ్‌లో ఉన్నారు, వెళ్లిపో" అంటారు. ఆ పిల్లాడు ఆ రోజు క్షేమంగానే దిగుతాడండి, చాలావరకు దిగుతారు. కానీ వాడు ఆ రోజు నేర్చుకున్నదేంటి? వెనక్కి రాకూడదని. రేపు 180 మందిని ఎక్కించుకుని ఎయిర్‌బస్ నడిపేది కూడా వాడే.

అందుకని స్కూలుకెళ్తే యాజమాన్యాన్ని తర్వాత కలవండి, ముందు గేటు బయట టీ కొట్టు దగ్గర అక్కడ చదువుతున్న పిల్లల్ని కలవండి. వాళ్లని అడగాల్సింది "స్కూలు బాగుందా" అని కాదు. అలా అడిగితే అందరూ బాగుందనే అంటారు, వాళ్ల నాన్నలు కూడా డబ్బు కట్టేశారు కదా. "ఈమధ్య ఎప్పుడైనా ఎగరనని వెనక్కి వచ్చావా? వస్తే ఏమన్నారు?" అని అడగండి. ఆ పిల్లాడి మొహం చూస్తే తెలిసిపోతుంది.

టెక్ లాగ్ చూపించమని స్కూలువాళ్లని మర్యాదగా అడగండి. మీకు చూపించి తీరాలనేం లేదు. కొందరు చూపిస్తారు, కొందరు చూపించరు. చూపించకపోయినా ఫర్వాలేదు, "ఈ విమానానికి ఆఖరి స్నాగ్ ఏంటండీ" అని అడిగితే చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ టక్కున చెప్పగలగాలి. ఆయన నవ్వి "మా విమానాలకు స్నాగ్‌లు రావండి" అన్నాడంటే మీరు లేచి బయటికి వచ్చెయ్యొచ్చు.

హ్యాంగర్లోకి కూడా వెళ్లండి. ప్రతి 50 గంటలకీ ఆయిలు మార్చి ఫిల్టరు తీస్తాం. దాన్ని అలాగే చెత్తలో పడెయ్యం. రేకు డబ్బాని చుట్టూ కోసి, లోపల మడతలు మడతలుగా ఉండే కాగితాన్ని విప్పి, పరిచి, లైటు కింద పెట్టి చూస్తాం. మెరుపు ఎక్కడైనా కనబడుతుందా అని. కనబడితే అయస్కాంతం పెడతాం. అంటుకుందంటే ఉక్కు, అంటుకోలేదంటే అల్యూమినియం కావచ్చు. ఇంజిన్ లోపల ఏది అరుగుతోందో అది చెబుతుంది. మెయింటెనెన్స్ ఇంజినీర్ని "మొన్న 50 గంటలకి ఫిల్టరు కోశారా, ఏం కనబడింది" అని అడగండి. కోసేవాడైతే సంబరంగా చూపిస్తాడు, మాకు చూపించమని అడిగేవాళ్లే ఉండరు! కోయనివాడు విషయం మారుస్తాడు. 100 గంటల ఇన్‌స్పెక్షన్లో నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూస్తాం, 80 పౌన్ల గాలి పెడితే లోపల ఎంత నిలిచిందని. ఆ నాలుగు అంకెలు రాసుకోని ఇంజినీరు ఉండడు, ఉండకూడదు.

మన గోదావరి ప్రాంతం పిల్లలకు ఒక సంగతి తొందరగా అర్థమవుతుంది, తేమ. పెట్రోలు ట్యాంకుని రాత్రి సగం ఖాళీగా వదిలేస్తే లోపల గాలిలో తేమ నీళ్లయి అడుగుకి చేరుతుంది. అందుకే ప్రతి పొద్దున్నా రెక్కల కిందనుంచి చిన్న గాజులాంటి గొట్టంలోకి కొంచెం పెట్రోలు వంపి, వెలుగుకి ఎత్తి చూడాలి. 100 ఎల్‌ఎల్ లేత నీలం రంగులో ఉంటుంది. నీళ్లుంటే అడుగున బుడగలా విడిగా, రంగు లేకుండా నిలబడుతుంది. పూర్తిగా రంగు లేదంటే ఇంకా ప్రమాదం, అది మొత్తం నీళ్లే కావచ్చు, లేదా వేరే ఇంధనం కావచ్చు. స్కూలుకి పొద్దున్నే వెళ్తే ఈ పని చేస్తున్నారా లేదా కళ్లతో చూడొచ్చు. వంపిన పెట్రోలు నేల మీద పారబోస్తున్నారా, డబ్బాలో పోస్తున్నారా అన్నది కూడా చూడండి. చిన్నదే, కానీ ఇల్లు ఎలా నడుస్తోందో తెలుస్తుంది.

ఇంకోటి, కార్బురేటరులో మంచు. ఎండాకాలం చెమటలు కక్కుతూ మంచేంటండీ అంటారు. బయట 25 డిగ్రీలు ఉండి, గాలిలో తేమ బాగా ఉంటే, కార్బురేటరు గొంతులో గాలి పరిగెత్తి, పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు అక్కడ ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పడిపోగలదు. మంచు కడుతుంది, ఇంజిన్ ఊపిరాడక దగ్గుతుంది. దిగడానికి పవర్ తగ్గించినప్పుడే ఎక్కువ. దానికి కార్బ్ హీట్ అని ఒక నాబ్ ఉంటుంది, లాగితే వేడి గాలి వస్తుంది. తీరప్రాంతపు ఎయిర్‌ఫీల్డులో ఉన్న స్కూలు దీన్ని మొదటి వారంలోనే పిల్లల బుర్రలోకి ఎక్కిస్తుంది.

బరువు లెక్క ఒకటి చెప్పి ఇది వదిలేస్తాను. 152 గరిష్ఠ టేకాఫ్ బరువు 757 కిలోలు. ఖాళీ విమానమే సుమారు 520 ఉంటుంది. ట్యాంకులు నింపితే పెట్రోలు 70 కిలోల దాకా. మిగిలింది ఇద్దరు మనుషులకూ కలిపి 165, 170. మన పిల్లలు పులసలూ రొయ్యల వేపుళ్లూ తిని పెరిగినవాళ్లు, తొంభై తూగేవాళ్లు తక్కువేం కాదు. ఇన్‌స్ట్రక్టర్ ఇంకో ఎనభై ఐదు. అయిపోయింది, దాటేసింది! అప్పుడు పెట్రోలు తగ్గించాలి, తగ్గిస్తే ఎంత దూరం వెళ్లొచ్చో మళ్లీ లెక్క వెయ్యాలి. విమానాల్ని పంపే డిస్పాచ్ గదిలో బరువు చూసే మెషీను ఉందా లేదా చూడండి. ఉంటే దాని మీద దుమ్ముందా అన్నది కూడా చూడండి. (నవ్వులు) మే నెల ఎండలో ఇదే విమానానికి రన్‌వే ఇంకా పొడుగు కావాలి, వేడి గాలి పలచన కాబట్టి.

(సభలోంచి ఒకరు: "గూడెంలో యుద్ధం నాటి రన్‌వే ఉంది కదండీ, మనకే ఒక స్కూలు పెడితే పోదా?")

తాడేపల్లిగూడెం రన్‌వే మాట ఎవరో ఒకరు ఎత్తుతారని అనుకుంటూనే ఉన్నాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వేసింది. ఏవండీ, రన్‌వే ఉండటం అన్నిటికంటే తేలిక. కుక్కలూ గేదెలూ రాకుండా చుట్టూ గోడుందా? గాలి ఎటు వీస్తుందో చెప్పే మనిషో మెషీనో ఉందా? మంట లేస్తే ఫైరింజన్ ఎన్ని నిమిషాల్లో వస్తుంది? కాలిన గాయాలు చూడగలిగే ఆస్పత్రి ఎంత దూరం? మీరు చూడబోయే ప్రతి స్కూలులోనూ ఇవే అడగండి. ఇంకో ప్రశ్న మాత్రం మర్చిపోవద్దు: "సోలోకి వెళ్లిన మా అబ్బాయి చెప్పిన టైముకి తిరిగి రాకపోతే మీరేం చేస్తారు?" ఎన్ని నిమిషాలకి రేడియోలో పిలుస్తారు, ఎప్పుడు పక్క ఎయిర్‌పోర్టుకి ఫోన్ చేస్తారు, ఎవరు చేస్తారు, ఆ నంబర్లు ఎక్కడ రాసున్నాయి. బాగా నడిచే చోట ఇది గోడ మీదే ఉంటుంది. "అలాంటిది ఎప్పుడూ జరగలేదండి" అన్నది జవాబు కాదు.

ఎందుకంటే జరుగుతున్నాయి. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో శిక్షణ విమానం కూలి ఒక ట్రైనీ అమ్మాయి చనిపోయింది. 2024 ఆగస్టులో జంషెడ్‌పూర్ నుంచి లేచిన శిక్షణ విమానం చాండిల్ జలాశయంలో పడి, నేర్పే ఆయనా నేర్చుకునే కుర్రాడూ ఇద్దరూ పోయారు. 2023 అక్టోబరులో మహారాష్ట్రలో బారామతి దగ్గర ఒకే స్కూలు విమానాలు మూడు రోజుల తేడాలో రెండు పడ్డాయి. ఆరు నెలల్లో ఐదు ఘటనలయ్యాయని డీజీసీఏ ఆ స్కూలు శిక్షణ ఆపించింది. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు. ప్రమాదాల మీద ఏఏఐబీ అనే సంస్థ విచారణ చేసి, నివేదికలు తన వెబ్‌సైటులో పెడుతుంది. ఎవరైనా చదవొచ్చు. ఇంగ్లీషులో ఉంటాయి, పిల్లల చేత చదివించండి, వాళ్లకీ మంచిదే. చివర్లో సిఫార్సులుంటాయి. మీరు చూస్తున్న స్కూలుకి సంబంధించినది ఉంటే అది పట్టుకెళ్లి, ఫలానా సిఫార్సు అమలు చేశారా, చేస్తే చూపించండి అని అడగండి. ప్రమాదం జరిగిన స్కూలు కాబట్టి వద్దు అనెయ్యడం కూడా సరికాదు. ఏడాదికి ఇరవై వేల గంటలు ఎగిరే స్కూలునీ రెండు వేల గంటలు ఎగిరే స్కూలునీ ఒకే గాటన కట్టకూడదు. ఆ తర్వాత ఏం మార్చుకున్నారన్నది చూడాలి.

ఇక గంటల సంగతి. సీపీఎల్‌కి మొత్తం 200 గంటలు కావాలి, అందులో 100 గంటలు కెప్టెన్ హోదాలో. ఒక్క ప్రయాణంలో 300 నాటికల్ మైళ్లు, మధ్యలో రెండు వేరే ఎయిర్‌ఫీల్డుల్లో దిగి, ఒంటరిగా చేసి రావాలి. ఏడాదిలో పూర్తి చేయిస్తాం అని బ్రోషర్లో ఉంటుంది. పూర్తవుతుందో లేదో మీరే కాగితం మీద తేల్చుకోవచ్చు. పది విమానాలున్నాయంటారు. వాటిలో ఇవాళ ఎగిరేవి ఎన్ని? మిగతావి స్పేర్ల కోసం నిలబడిపోయి ఉంటాయి. ఆరు అనుకుందాం. రోజుకి ఒక్కోటీ ఐదు గంటలు ఎగిరితే గొప్పే. వానలూ పొగమంచూ తుపాన్లూ తీసేస్తే నెలకి 22 రోజులు. ఆరు ఐదులు ముప్పై, ముప్పై ఇరవైరెళ్లు 660 గంటలు. పిల్లలెంతమంది? వంద. తలకి నెలకి ఆరున్నర గంటలు. 200 గంటలకి ముప్పై నెలలు! ఇందులో మోసమేం లేదండి, కూడికలూ గుణకారాలే. అడగాల్సింది ఎన్ని విమానాలున్నాయని కాదు, నిన్న ఎన్ని ఎగిరాయని. పోయినేడాది చేరినవాళ్లలో ఎంతమంది లైసెన్సు తెచ్చుకుని బయటికి వెళ్లారని. ఆఖర్లో రెండు ఇంజిన్ల విమానం మీద ఓ పదిహేను గంటలుంటాయి. చాలాచోట్ల అలాంటిది ఒక్కటే ఉంటుంది. అది నిలబడిపోతే 185 గంటలు చేసేసిన పిల్లలందరూ నెలల తరబడి హాస్టల్లో కూర్చుని ఇంటికి ఫోన్లు చేస్తుంటారు.

ఇలా వెనకబడ్డప్పుడే కొందరికి అడ్డదారి కనబడుతుంది, కాగితం మీద ఎగరడం. 2011లో దొంగ మార్కుల షీట్లతో లైసెన్సులు తెచ్చుకున్న పైలట్లు అరెస్టయ్యాక, దేశమంతా ఫ్లయింగ్ స్కూళ్లని తనిఖీ చేస్తే ఎగరని గంటలు రాసిన వ్యవహారాలు కూడా బయటపడ్డాయి. హ్యాంగర్ మనిషికి ఇది దాచలేరండి. 152 గంటకి ఇరవై, పాతిక లీటర్లు తాగుతుంది. పుస్తకంలో 100 గంటలుంటే రెండు వేల లీటర్లకు బిల్లుండాలి, రెండు ఆయిలు మార్పులుండాలి. మీ అబ్బాయితో ఎవరైనా "కొన్ని గంటలు సర్దేద్దాం" అన్నారంటే అది సాయం కాదు. లైసెన్సు ఎప్పటికైనా రద్దవుతుంది, అప్పుడు చెరువూ ఉండదు, ఉద్యోగమూ ఉండదు.

డబ్బు గురించి తొందరగా చెప్పేస్తాను. మొత్తం ఒకేసారి కట్టొద్దు, డిస్కౌంటు ఇస్తామన్నా సరే. ఇన్ని గంటలకి ఇంత అని విడతలుగా కట్టండి. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. పెట్రోలు రేటు పెరిగితే ఎవరు భరిస్తారు, సోలోలో విమానం దెబ్బతింటే ఎవరు కట్టాలి, పిల్లాడికి బీమా ఎంత, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. పైసా కట్టకముందే పైలట్లకుండే క్లాస్ 2, ఆ తర్వాత క్లాస్ 1 మెడికల్ పరీక్షలు చేయించండి. రంగులు సరిగ్గా కనబడవని సగం ఫీజు కట్టాక తెలిస్తే ఎవరినీ అనలేం. ఉద్యోగం గ్యారంటీ అనే కన్సల్టెన్సీల గురించి నేనేం మాట్లాడను, మీకు తెలుసు.

(ఒక తల్లి: "మా అమ్మాయితో చేరినవాళ్లందరికీ సోలో అయిపోయిందంటండి. దీనికి ఇంకా పంపలేదు. స్కూలు సరిగ్గా చెప్పట్లేదా?")

అమ్మా, మీ అమ్మాయికి ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది మారారు? ...ముగ్గురా. అది అడగాల్సిన సంగతి. ఇన్‌స్ట్రక్టర్లలో చాలామంది ఎయిర్‌లైన్ పిలుపు కోసం చూస్తూ ఉంటారు, రాగానే వెళ్లిపోతారు. కొత్తాయన వచ్చి మళ్లీ మొదట్నుంచి చూసుకుంటాడు. గంటలు అవుతుంటాయి, బిల్లూ అవుతుంది. ఆ అమ్మాయి ప్రోగ్రెస్ రికార్డు ఉంటుంది, తీసి చూడమనండి. ప్రతి సార్టీ (ఒకసారి ఎగిరి దిగడం) తర్వాత ఏం బాగాలేదో అందులో రాసుండాలి. "ల్యాండింగులో ఫ్లేర్ ఆలస్యం, మళ్లీ చేయించాలి" అని ఉంటే నేర్పుతున్నట్టు. ఫ్లేర్ అంటే నేల తాకేముందు విమానం ముక్కు కాస్త ఎత్తడం. "బాగుంది, బాగుంది" అని ఉండి సోలోకి పంపట్లేదంటే చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ దగ్గర కూర్చోవాల్సిందే. అంతేగానీ సోలో ఆలస్యమైందని కంగారు పడకండి. పన్నెండు గంటలకే సోలో చేశాడని ఊళ్లో చెప్పుకోవడానికి బాగుంటుంది, ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూలో దానికి మార్కులేం ఉండవు. నీ పిల్ల ఇంకా తయారు కాలేదని మొహమాటం లేకుండా చెప్పే ఇన్‌స్ట్రక్టర్ దొరకడమే కష్టం.

(మరొకరు: "చూడ్డానికి ఎప్పుడు వెళ్లమంటారండి?")

ఓపెన్ హౌస్ అని పేపర్లో వేస్తారే, ఆ రోజు వెళ్లకండి. వాతావరణం అటూ ఇటూగా ఉండే రోజు చూసుకోండి. జనవరిలో పొగమంచు పట్టిన పొద్దున్నో, గాలి విసిరికొట్టే మధ్యాహ్నమో. ఎగరాలా వద్దా అని తేల్చుకునే ఆ గంట చూడండి. ఎవరు కిటికీలోంచి చూస్తున్నారు, ఎవరు గడియారం చూస్తున్నారు, ఎవరి మాట చెల్లింది. సార్టీలు రద్దు చేస్తే బోర్డు మీద కారణం రాశారా, ఊరికే చెరిపేశారా. విమానాలు నిలిచిపోయాక పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారా, ఎవరైనా కూర్చోబెట్టి పాఠం చెబుతున్నారా. పొద్దున్న ఆరింటికల్లా గేటు దగ్గరుండాలి, మధ్యాహ్నం దాకా ఉండాలి. రెండు మూడు రోజుల ముందే ఫోన్ చేసి అనుమతి అడగండి, ఎయిర్‌పోర్టు లోపలున్న స్కూలైతే పాస్ చెయ్యడానికి టైము పడుతుంది. ఆధార్ కార్డు ఒరిజినల్ పట్టుకెళ్లండి, జెరాక్సుకి లోపలికి పంపరు.